పాత దివాను, కొత్త దివాను

పందొమ్మిది వందల నలభయ్యో సంవత్సరం ఎండాకాలంలో కర్నూలు రామసుబ్బయ్య శెట్టి హాలుకు ‘నల్లకోట దివాను’ అనే తెలుగు టాకీ వచ్చింది. రీళ్ల పెట్టెలు రైలు దిగి హాలు ముందుకు చేరగానే శెట్టి చేసిన మొదటి పని, హజరత్ వలి కోసం మనిషిని పంపడం.

వలికి అప్పటికి నలభై ఆరేళ్లు. హాలులో ఏ సినిమా ఆడినా జట్కా ఎక్కి, రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకుని, బురుజు దగ్గర మొదలుపెట్టి బండిమెట్ట దాకా వీధివీధికీ కేకవేసి చెప్పడం అతని పని. జట్కా తోలేది లాల్ అహమ్మద్. వెనక ఒక తప్పెట మోగేది. వలి గొంతు పెద్దది. మేడమీద వడియాలు పెట్టుకుంటున్న ఆడవాళ్లు కూడా చేయి ఆపి వినేవాళ్లు.

“ఏమప్పా వలీ, ఇది పాత కథేనంట కదా?” అన్నాడు శెట్టి. “మూగబొమ్మల కాలంలో డేరాలో నువ్వు చెప్పిందేనంట?”

“అవును శెట్టీ. పేరు గూడా అదే.”

“అయితే బలే మంచిదాయ. రెండూ ఎరిగినోడివి ఈ ఊర్లో నువ్వొక్కడివే. మధ్యాహ్నం రీళ్లు సరిచూస్తారు. కూర్చొని సూడు. పాతదానికన్నా దీంట్లో ఏమేం గొప్పో ఒగ కాగితం మీద రాసియ్యి. అచ్చేయించి పంచుదాం.”

“సరే శెట్టీ,” అన్నాడు వలి.

పదేళ్లుగా అతను ఎవరేమన్నా సరే అంటూనే ఉన్నాడు. ఇంట్లో భార్య అబీదా బీ ఒకసారి కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. వలి అన్నమంతా తిని చేయి కడుక్కున్నాడు. తర్వాత తాను తినబోయి ఆమె నాలుక కరుచుకుంది. అనుమానం వచ్చి మరో వారం కావాలనే ఉప్పు మానేసింది. అప్పుడూ ఏమీ అనకుండా తిన్నాడు. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఆ తర్వాత ఉప్పు మాత్రం సరిచూసుకుని వేసేది.

పదేళ్ల కిందట వలి అట్లా ఉండేవాడు కాదు. అప్పుడు అతన్ని ‘సినిమా వలి’ అనేవాళ్లు. సినిమాకు నోరు రాని రోజులవి. ఎడ్లబండ్ల మీద డేరా, బొమ్మ ఆడించే మిషను వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. తెర పక్కన నిలబడి కథ చెప్పడం వలి పని. రాజు మాట రాజు గొంతుతో, రాణి మాట రాణి గొంతుతో, గుర్రం వస్తే గుర్రం చప్పుడుతో చెప్పేవాడు. అతని పక్కనే నేలమీద కూర్చుని హార్మోనియం వాయించేవాడు తిమ్మన్న. తిమ్మన్నది కోడుమూరు. భజనల్లో వాయించి వాయించి వేళ్లు సాగినవాడు. మాట తక్కువ. వలి గొంతు ఎప్పుడు పైకి లేస్తుందో, ఎప్పుడు ఆగుతుందో అతనికి చూడకుండానే తెలిసేది.

వాళ్లిద్దరి చేతుల్లో బాగా ఆడిన బొమ్మ ‘నల్లకోట దివాను’.

నల్లకోట రాజు ముసలివాడు. పళ్లన్నీ ఊడిపోయినవాడు. ఒకనాడు పడకమీదే ప్రాణం పోతుంది. దివాను ఆ సంగతి బయటికి పొక్కనివ్వడు. రాజుగారికి జబ్బు అని చెప్పి, రాజముద్ర తన దగ్గర పెట్టుకుని, రాజు పేరు మీద తానే హుకుంలు పంపుతుంటాడు. రోజూ రాజు గదిలోకి భోజనం పోతుంది, ఖాళీ పళ్లెం తిరిగి వస్తుంది. ఆ హుకుంలు రాసే గుమాస్తా ఒకడున్నాడు, మొహాన మశూచి మచ్చలున్న బక్కమనిషి. ఒకరోజు అతను గది ముందు నుంచి పోతూ, బయటికి వచ్చిన పళ్లెంలో నమిలి పిప్పి చేసిన మాంసం ఎముకలు చూస్తాడు.

ఆ చోట వలి నోరు మూసుకునేవాడు. తిమ్మన్న వేళ్లు తీసేసేవాడు. డేరాలో మిషను తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. కాసేపటికి జనంలో ఎవరో ఒకరు గట్టిగా అనేవాళ్లు, “రాజుకు పండ్లు లేవు కదప్పా!” అని. ఏ ఊళ్లో ఆడించినా ఎవరో ఒకరు అని తీరేవాళ్లు. అప్పుడు తిమ్మన్న ఒక్కసారి వేళ్లన్నీ హార్మోనియం మెట్లమీద వేసేవాడు.

చివర్లో గుమాస్తా కోటమెట్లు ఎక్కి నిలబడి, కింద చేరిన జనంతో నిజం చెబుతాడు. పైనుంచి బల్లెం వచ్చి గుచ్చుకుంటుంది. మెట్లమీదే చస్తాడు. జనం అతన్ని దాటుకుంటూ కోటలోకి పోతారు. అంతే సినిమా. ఈ మెట్లమీది ఘట్టంలోనే ఒక చిక్కు ఉండేది. గుమాస్తా పెదవులు శానాసేపు కదిలేవి. తర్వాత వచ్చే అక్షరాల అట్టమీద మాత్రం ‘రాజు లేడు’ అని రెండే మాటలు. అన్నిసార్లు పెదవులు కదిపినవాడు రెండు మాటలే అన్నాడంటే ఎవరూ ఒప్పుకోరు. మిగిలినవి వలి చెప్పాలి. ఏ ఊరికి ఆ ఊరు, ఏ పూటకు ఆ పూట తోచింది చెప్పేవాడు.

ముప్ఫయ్యో సంవత్సరం ఉప్పు గలాటాల ఏడు. అంతకు ముందు ఏడు కూడా వానల్లేవు. కోయిలకుంట్ల దాటినాక ఒక సంత ఊళ్లో డేరా వేశారు. జొన్న గింజ లేకపోయినా శిస్తుకు మాత్రం తలారి తిరుగుతున్నాడని ఆ పగలంతా జనం చెప్పుకోవడం వలి విన్నాడు. గుమాస్తా మెట్లెక్కి పెదవులు కదిపినప్పుడు, ఆ విన్నదంతా వలి నోట్లోకి వచ్చేసింది. జనం లేచి నిలబడ్డారు. కొందరు తెరవైపు నడిచారు. ఒక ముసలాయన తలపాగా తీసి విసిరేశాడు. ఆ చీకట్లో వలికి ఒళ్లు పులకరించింది. అతని బతుకులో అంత సంతోషం మళ్లీ లేదు.

డేరాలో వెనక ఒక పోలీసు కూర్చుని ఉన్నాడని తెల్లవారాక గానీ తెలియలేదు.

పొద్దున్నే వలినీ తిమ్మన్ననూ స్టేషనుకు తీసుకుపోయి నిలబెట్టారు. చీకట్లో ఆ పోలీసుకు గొంతు వినబడిందే గానీ మనిషి కనబడలేదు. ఇన్‌స్పెక్టరు కాగితం చూసి ఆ మాటలన్నీ చదివాడు.

“ఇది అన్నది మీ ఇద్దరిలో ఎవడు?”

వలి చెప్పాలనే అనుకున్నాడు. ఇన్‌స్పెక్టరు తల ఎత్తగానే చెబుదామనుకున్నాడు. అతను తల ఎత్తాడు. వలి చెప్పలేదు.

“నేనే సామీ,” అన్నాడు తిమ్మన్న.

“నువ్వు పెట్టె వాయించేవాడివి కదరా?”

“వాయిస్తా సామీ. నడమ నడమ చెప్తా గూడా.”

వరండాలో సంకెళ్లు తెచ్చేదాకా ఇద్దరికీ కాస్త సందు దొరికింది. తిమ్మన్న మెల్లగా అన్నాడు. “నెలో రెండు నెల్లో వేస్తారు, అంతే. పెట్టె ఎవురైనా వాయిస్తారు వలన్నా. నోరు యాడ దొరుకుతాది? నువ్వు పోతే డేరానే లేదు. ఎనిమిది ఇండ్ల కూడు అది. ఇంటికాడ సుంకికి చెప్పు, నేను బాగుండానని.”

తొమ్మిది నెలలు వేశారు. అయిదో నెలలో రక్తవిరేచనాలు పట్టుకుని తిమ్మన్న జైల్లోనే చనిపోయాడు.

వలి హార్మోనియం పెట్టె మోసుకుపోయి తిమ్మన్న భార్య సుంకమ్మ ఇంట్లో పెట్టి వచ్చాడు. ఆ రోజు కూడా చెప్పాలనుకున్నాడు. గుడిసె నిండా ఆడవాళ్లున్నారు. కోర్టు తీర్పు విని వచ్చినవాళ్లు అప్పటికే ఆమెకు అంతా చెప్పి ఉన్నారు, తిమ్మన్న దొరలకు ఎదురు మాట్లాడి జైలుకు పోయాడని. వలి గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాడు. దారిలో ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. తర్వాతా రాలేదు. ఆ బొమ్మ ఇంకో ఏడాదిన్నర చెప్పాడు. మెట్లమీది ఘట్టం వచ్చినప్పుడు గుమాస్తా పెదవులు కదులుతూనే ఉండేవి. వలి అట్టమీది రెండు మాటలు చదివి ఊరుకునేవాడు. ఆ తర్వాత టాకీలు వచ్చాయి, డేరా పోయింది.

శెట్టి చెప్పినట్టే మధ్యాహ్నం ఉత్త హాలులో వలి ఒక్కడూ బెంచీమీద కూర్చుని కొత్త సినిమా చూశాడు.

కథ అదే. ముసలి రాజు, ముద్ర, దివాను. గుమాస్తా వేషం వేసినాయన బాగా బొద్దుగా, ఉంగరాల జుట్టుతో ఉన్నాడు. సగం సినిమా పాడుతూనే ఉన్నాడు. రాజుకు ఒక కూతురు పుట్టుకొచ్చింది, ఆమె గుమాస్తాను ప్రేమిస్తుంది. పళ్లెంలో ఎముకలు లేవు. రాజు గదిలో ఒక చిలక ఉంది. అది కిటికీలోంచి ఎగిరి వచ్చి “రాజు లేడు, రాజు లేడు” అంటుంది, గుమాస్తాకు నిజం తెలిసిపోతుంది. దివాను వేషం మాత్రం మంచి నటుడిది. చనిపోయిన రాజు పక్కన కూర్చుని అతను ఒంటరిగా భోంచేసే చోట వలి కాస్త ముందుకు వంగాడు. పాతదాంట్లో ఆ గది లోపలి భాగం ఎప్పుడూ చూపలేదు. దివాను అన్నం కలుపుతూ రాజుతో మాట్లాడుతుంటాడు. అది కొత్తగా ఉంది, బాగుంది కూడా.

మెట్లు వచ్చాయి. పాతదాంట్లో అవి కర్రకు గుడ్డ కట్టిన మెట్లు. ఇవి సున్నం వేసిన గట్టి మెట్లు. గుమాస్తా ఎక్కి నిలబడ్డాడు. ఒక కీర్తనలాంటిది పాడాడు. పాట అయ్యాక చేతులు జోడించి, “ప్రజలారా, శాంతించండి. పై ప్రభువులకు మనవి చేసుకుందాం,” అన్నాడు. దొరల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకరు గుర్రం దిగి వచ్చారు. తీర్పు చెప్పారు. దివాను కాళ్లమీద పడి ఏడ్చాడు. గుమాస్తాకు రాజు కూతురినిచ్చి పెళ్లి చేశారు.

దీపాలు వెలిగాక శెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఎట్లుండాది? పాతది మంచిదా, ఇది మంచిదా? నాకు మాత్రం ఉన్నది చెప్పు.”

“పాతదాంట్లో ఎముకలుండె శెట్టీ. దీంట్లో చిలక ఉండాది.”

“చిలకే బాగుంటాదప్పా. పిల్లోల్లు సూస్తారు. ఆఖరున ఏమన్నా మార్చినారా?”

“గుమాస్తాను సంపలేదు.”

“మంచిదే కదా. మనిషి దుడ్లిచ్చి వచ్చి ఏడ్చుకుంటా పోవాల్నా?”

వలి కాగితం తీసుకుని రాసిచ్చాడు. ఆనాడు మూగగా చూసిన కథ నేడు మాట్లాడుతున్నదనీ, ఆనాడు ఏడ్చినవారు నేడు నవ్వుతూ ఇల్లు చేరవచ్చుననీ, చిలక పలుకులు వినితీరవలసినవనీ. శెట్టికి శానా నచ్చింది. ఆకుపచ్చ కాగితాలమీద అచ్చేయించాడు.

మూడో రోజు జట్కా బండిమెట్ట దగ్గర వేరుశనగ బుడ్డల మిల్లు ముందు నుంచి పోతుంటే ఒక ఆడమనిషి దారికి అడ్డం వచ్చి గుర్రం కళ్లెం పట్టుకుంది. లాల్ అహమ్మద్ అరవబోయి ఆగాడు. నెత్తిన బుడ్డల పొట్టు, చేతిలో ఆకుపచ్చ కాగితం. సుంకమ్మ. కోడుమూరు విడిచి వచ్చి ఆమె ఆ మిల్లులో పని చేయబట్టి ఆరేళ్లయిందని వలికి తెలుసు. ఆ వీధిలోకి వచ్చినప్పుడు తల అటువైపు తిప్పేవాడు కాదు.

“వలన్నా, ఇది ఆ సినిమానేనా?”

“అదే సుంకమ్మా. కొత్తగా తీసినారు.”

“నాకు చదువు రాదు. మేస్త్రీ చదివి చెప్పినాడు. పాతది నేను సూడలే. పసిబిడ్డ సంకన ఉండె, డేరాకు రాలేకపోతి. ఆ బిడ్డ గూడా లేకపోయ.” గుర్రం కళ్లెం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. “నన్ను తోడుకొని పో. నా మొగుడు యాడ ఆ మాట అన్నాడో, ఆ జాగా వచ్చినప్పుడు నాకు చెప్పు.”

“సరే,” అన్నాడు వలి.

ఆదివారం పగటి ఆటకు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, కొప్పులో పొట్టు లేకుండా దువ్వుకుని వచ్చింది. ఆడవాళ్ల బెంచీలకూ మగవాళ్ల బెంచీలకూ నడుమ ఒక గుడ్డ కట్టి ఉంటుంది. సుంకమ్మ ఆ గుడ్డకు అటువైపు చివర కూర్చుంది. వలి ఇటువైపు కూర్చున్నాడు. దీపాలు ఆరిపోయాక గుడ్డలోంచి ఆమె గొంతు మెల్లగా వచ్చింది.

“పాతదాంట్లో గూడా గుమాస్తా ఈయప్పేనా?”

“కాదు. వాడు బక్కోడు. మొగాన మచ్చలు.”

“ఈ పాటలప్పుడు మాయప్ప ఏమి వాయిస్తాండె?”

“ఈ పాటలు లేవు. గుర్రాలొచ్చినప్పుడు వాయిస్తాండె. రాణి ఏడ్చినప్పుడు వాయిస్తాండె. శానా బాగా వాయిస్తాండె.”

చిలక ఎగిరి వచ్చినప్పుడు హాలంతా నవ్వింది. “ఇదీ ఉన్యాదా?” అని అడిగింది. వలి గుడ్డకు నోరు దగ్గరగా పెట్టి పళ్లెం సంగతి చెప్పాడు. పళ్లులేని రాజు, నమిలిన ఎముకలు, తిమ్మన్న వేళ్లు తీసేయడం, జనంలో ఎవరో ఒకరు అరవడం. చెబుతుంటే అతని గొంతు తనకు తెలియకుండానే పాతదారి పట్టింది. ముందు బెంచీలో ఇద్దరు తెర వదిలేసి వెనక్కి తిరిగి విన్నారు.

“అదే బాగుండాది,” అంది సుంకమ్మ.

మెట్లు వచ్చాయి.

“ఇదే జాగా,” అన్నాడు వలి.

ఆమె గుడ్డ పక్కకు లాగి పట్టుకుని చూసింది. బొద్దుగా ఉన్నాయన పాడాడు. చేతులు జోడించాడు. టోపీ పెద్దమనిషి గుర్రం దిగాడు. సినిమా అయిపోయి, అందరూ లేచి పోతున్నా ఆమె తెరవైపే చూస్తూ ఉంది.

“ఇదేనా?” అంది. “ఇందుకేనా?”

బయట ఎండ తీవ్రంగా ఉంది. ఇద్దరూ ఏటి వైపు నడిచారు. తుంగభద్ర ఆ నెలలో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. రాళ్ల దగ్గర పాయలో చాకళ్లు గుడ్డలు ఉతుకుతున్నారు. గట్టుమీద నీడ చూసుకుని సుంకమ్మ కూర్చుంది. వలి కాస్త దూరంగా కూర్చున్నాడు.

“కొత్తదాంట్లో ఆ మాట తీసేసినారు,” అన్నాడు.

“తెలిసిందిలే. ఆయప్ప ఏమన్నాడో నువ్వు చెప్పు. పక్కనే నిలబడి వింటివి కదా. ఇన్నేండ్లు నాకెవురూ సరిగ్గా చెప్పలే. కోర్టులో ఏందో ఇంగిలీషులో చదివినారంట.”

“సుంకమ్మా,” అన్నాడు వలి, “ఆ మాట అన్నది తిమ్మన్న కాదు. నేను.”

ఆమె ఏట్లోకి చూస్తూనే ఉంది.

“స్టేషన్లో ఎవురని అడిగినారు. నేను నోరు తెరవలే. తిమ్మన్న తెరిచినాడు. నెల రోజులు అనుకున్నాడు. నేనూ అట్లే అనుకున్యా.”

చెప్పేశాడు. ఈ మాట చెప్పిననాడు ఏం జరుగుతుందో వలి చాలాసార్లు ఊహించుకున్నాడు. ఆమె చెంపమీద కొడుతుంది, మట్టెత్తి పోస్తుంది, గుండె బాదుకుంటుంది. తన లోపల కూడా ఏదో తెగి ఏడుపు వస్తుంది. ఇప్పుడు కూర్చుని వాటికోసం ఎదురుచూశాడు. చాకలి ఒకడు చీర పిండి ఇసుకమీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. మరో చీర పరిచాడు. వలికి ఏమీ కాలేదు. మెడమీద ఎండ తగులుతోందని మాత్రం తెలిసింది.

“మిల్లులో నన్నేమంటారో తెలుసునా?” అంది సుంకమ్మ. “మాటన్నోని పెండ్లాం అంటారు. వేరే ఆడోళ్లను మేస్త్రీ నోటికొచ్చినట్ల తిడతాడు. నన్ను తిట్టడు. నా మొగుడు దొరలకెదురు నిలబడినోడని. బిడ్డ పోయినప్పుడు గూడా ఆ ఒక్కటి పట్టుకొనే ఉంటి నేను. ఇప్పుడెందుకు చెప్పినావన్నా?”

“నీకు తెలియాల కదా అని.”

“తెలిసి నేనేం జేసుకోవాల?”

అది తన కోసమే చెప్పుకున్నాడేమోనని వలికి ఆ క్షణాన తోచింది. ఆ తోచిందీ ఎక్కడా గుచ్చుకోలేదు.

“ఇంగెవురికన్నా చెప్పినావా?”

“లేదు.”

“అబీదా వదినకు?”

“లేదు.”

“ఇంగ చెప్పాకు.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే. “ఆ మాట చెప్పు ఇప్పుడు. ఉన్నదున్నట్టు చెప్పు. ఎవురన్నా అడిగితే నేను సరిగ్గా చెప్పాల కదా, మాయప్ప ఏమన్నాడో.”

వలి ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం లేదు, కోపం లేదు. మిల్లులో బుడ్డలు చెరిగేటప్పుడు ఉండే మొహమే అయి ఉంటుంది అది.

గొంతు సవరించుకున్నాడు. “రాజు సచ్చి మూడేండ్లాయ. మూడేండ్లుగా మీరు కట్టిన శిస్తు ఎవురు తిన్యారు? కుర్చీలో ఎవురూ లేరు. మీరు ఉత్త కుర్చీకి మొక్కుతాండారు. ముద్ర ఉన్నంత మాత్రాన రాజు ఉన్నట్టు కాదు. లేయండి. ఇంగ ఒక్క గింజ గూడా కట్టాకండి.”

మాటలు చదునుగా వచ్చాయి, ఏదో ఉత్తరం చదివినట్టు.

“అంతేనా?” అంది సుంకమ్మ.

“అంతే.”

“మళ్లా చెప్పు.”

మళ్లీ చెప్పాడు. ఈసారి ఆమె ముక్క ముక్కగా అతని వెంట అంది. మూడేండ్లు అనే చోట తప్పిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. నాలుగోసారికి వలి చెప్పడం ఆపి వింటున్నాడు.

“కుర్చీ అనడు ఆయప్ప,” అంది ఆమె ఆగి. “మా ఇంట్లో కుర్చీ యాడుండాది? గద్దె అంటాడు. గద్దె మీద ఎవురూ లేరు. మీరు ఉత్త గద్దెకు మొక్కుతాండారు.”

“సరే, గద్దె అను.”

“కట్టాకండి అని అరిచినాడా, మెల్లగా అన్నాడా?”

వలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అన్నాడు, “అరవలే. మెల్లగానే అన్నాడు. అందుకే జనం లేచినారు.”

అది నిజం.

ఆమె ఇంకో రెండుసార్లు అనుకుని, లేచి చీర దులుపుకుంది. “నీమీద కోపమొస్తాదేమో, రేపో ఎల్లుండో,” అంది. “ఈ పొద్దయితే రాలే.” మిల్లు వైపు పోయే దారిలో మెల్లగా నడిచి పోయింది. వలి ఆమెను సాగనంపలేదు. నీడ జరిగిపోయి ఎండ మొత్తంగా మీద పడేదాకా అక్కడే కూర్చుని, ఇంటికి పోయాడు. అబీదా బీ ఎక్కడికి పోయావని అడిగింది. సినిమాకు అన్నాడు. ఎట్లుందని అడిగింది. బాగానే ఉందన్నాడు.

‘నల్లకోట దివాను’ రెండు వారాలు ఆడింది. పిల్లలు వీధుల్లో “రాజు లేడు, రాజు లేడు” అని చిలకల్లా అరుచుకుంటూ తిరిగారు. ఒక పోలీసు వాళ్లను అదిలించాడని, శెట్టి పోయి అది సినిమాలోని చిలక మాటేనని చెప్పుకుని వచ్చాడని ఊళ్లో చెప్పుకున్నారు. రీళ్లు నంద్యాలకు పోయాయి. సుంకమ్మ మళ్లీ వలి దగ్గరికి రాలేదు. బండిమెట్టలో జట్కా పోయేటప్పుడు ఒకటి రెండుసార్లు కనబడింది. ఆమె తల ఊపేది. వలి తల ఊపేవాడు. ఆమెకు కోపం వచ్చిందో లేదో అతనికి తెలియలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు, పూలబజారు దగ్గర జట్కా ఆపి చినుకులు తగ్గేదాకా ఒక చూరు కింద నిలబడ్డారు. లాల్ అహమ్మద్ గుర్రం మెడ తుడుస్తూ అన్నాడు.

“చాచా, బుడ్డల మిల్లు సుంకమ్మ మొగుడు అప్పట్లో డేరాలో ఏమన్నాడో తెలుసునా? మా ఇంటామె విని వచ్చింది. మిల్లులో ఆడోళ్లందరికీ నోటికొచ్చంట. ‘గద్దె మీద ఎవురూ లేరు. మీరు ఉత్త గద్దెకు మొక్కుతాండారు. లేయండి. ఇంగ ఒక్క గింజ గూడా కట్టాకండి. నన్ను పట్టుకపోయినా ఈ మాటను యాడికి పట్టుకపోతారు?’ అన్నాడంట. నిజమేనా? నువ్వు పక్కనే ఉంటివంట కదా?”

వలి చినుకుల్లోకి చూశాడు. ఆ చివరి మాట తాను అనలేదు. తిమ్మన్నా అనలేదు. సుంకమ్మ కలిపిందో, మిల్లులో మరెవరు కలిపారో. గుమాస్తా పెదవులు చివర్లో ఇంకో నాలుగుసార్లు కదిలి మూసుకునేవి. ఆ మాట అక్కడ సరిగ్గా పట్టేది.

“నిజమే,” అన్నాడు. “పక్కనే ఉంటి.”

“గుండె ఉన్నోడు చాచా.”

“అవును.”

వాన తగ్గింది. లాల్ అహమ్మద్ గుర్రాన్ని అదిలించాడు. ఆ వారం శెట్టి హాలులో ఏదో భక్తి సినిమా ఆడుతోంది. వలి కాగితం తీసి దాని పేరు చూసుకున్నాడు. మూడుసార్లు చదువుకుంటే గానీ అది నోట పట్టలేదు.